భద్రాచలం బస్సు యాత్ర రివ్యూ: వంట బ్రహ్మాండం, ఆ మైకు మాత్రం కట్టేయాలి

పాలకొల్లులో శుక్రవారం రాత్రి ఎక్కించుకుని, తణుకు, తాడేపల్లిగూడెంలలో మిగతా జనాన్ని తీసుకుని, జంగారెడ్డిగూడెం, అశ్వారావుపేట మీదుగా భద్రాచలం తీసుకెళ్ళి, పర్ణశాల, ఏటపాక, గుండాల, శ్రీరామగిరి చూపించి, మారేడుమిల్లి ఘాట్ మీదుగా ఆదివారం రాత్రికి మళ్ళీ ఇంటికి చేర్చే ప్యాకేజీ ఒకటి మా వైపు బాగా నడుస్తోంది. మనిషికి 2,800. అమ్మనీ పెద్దమ్మనీ తీసుకుని మాఘమాసంలో వెళ్ళొచ్చాను. ట్రావెల్స్ పేరు రాయడం లేదు. నేను చెప్పబోయే విషయం వాళ్ళొక్కరిదే కాదు, మన జిల్లాల నుంచి యాత్ర బస్సులు నడిపే చాలామందికి వర్తిస్తుంది. ఎవరైనా చదివి సరిచేసుకుంటే అదే చాలు.

ముందు బాగున్నవి చెప్తాను, ఎందుకంటే నిజంగానే బాగున్నాయి. బస్సు కొత్తది కాదు కానీ శుభ్రంగా ఉంది, సీట్లు వెనక్కి వాలతాయి, దుప్పట్లు ఉతికినవి ఇచ్చారు. డ్రైవర్ గారు యాభై దాటిన మనిషి, ఒక్కసారి కూడా బ్రేకు గట్టిగా వేయలేదు. ఆడవాళ్ళకి బాత్రూం ఇబ్బంది లేకుండా పెద్ద పెట్రోలు బంకుల దగ్గరే ఆపారు, అదీ ఎవరూ అడగకుండానే. పెద్దవాళ్ళతో ప్రయాణం చేసినవాళ్ళకి ఈ ఒక్క విషయం ఎంత పెద్దదో తెలుసు. పెద్దమ్మకి మోకాళ్ళ నొప్పులు. బస్సు మెట్లు ఎక్కేటప్పుడు క్లీనర్ కుర్రాడు ప్రతిసారీ చిన్న స్టూలు తెచ్చి వేశాడు. ఆ కుర్రాడికి ఎంత ఇచ్చినా తక్కువే.

వంట గురించి చెప్పాలి. గ్యాస్ సిలిండరు, గిన్నెలు, ఇద్దరు వంటవాళ్ళు బస్సుతోనే వస్తారు. అశ్వారావుపేట దాటాక పామాయిల్ తోట పక్కన ఖాళీ జాగాలో బస్సు ఆపి పొద్దున్నే వేడివేడిగా ఉప్మా, అల్లం పచ్చడి, ఫిల్టర్ కాఫీ. మధ్యాహ్నం భద్రాచలంలో సత్రం ఆవరణలో విస్తళ్ళు వేసి ముద్దపప్పు, ఆవకాయ, కందాబచ్చలి కూర, గుమ్మడికాయ పులుసు, గడ్డపెరుగు. ఉల్లి, వెల్లుల్లి లేకుండా అంత రుచిగా వండడం మాటలు కాదు. మా అమ్మ ఎవరి వంటా ఒక పట్టాన మెచ్చుకోదు, అలాంటిది కందాబచ్చలిలో ఆవ ఎంత పెట్టారో వంటాయన్ని అడిగి తెలుసుకుంది. రాత్రి చపాతీ కొంచెం గట్టిగా వచ్చింది. అంతకు మించి తిండికి వంక పెట్టలేను.

రూము సాదాసీదాగా ఉంది, వేడినీళ్ళు వచ్చాయి, గుడికి నడిచి వెళ్ళేంత దగ్గర. దర్శనం టికెట్లు ముందే తీసి ఉంచారు. లైను ఎక్కువ లేదు. చతుర్భుజాలతో రాముడు, ఎడమ తొడమీద సీతమ్మ, పక్కన లక్ష్మణస్వామి, ఆ గర్భాలయం ముందు నిలబడితే ఇంకేమీ గుర్తుండదు. గుళ్ళోనే ఉన్న మ్యూజియంలో రామదాసు చేయించిన నగలు చూపించారు. చింతాకు పతకం, కలికితురాయి అని చిన్నప్పటి నుంచీ కీర్తనల్లో వినడమే గానీ కళ్ళతో చూస్తే వేరు. ఇక్కడి వరకు నాలుగున్నర స్టార్లు.

ఇక మైకు.

బస్సులో టూర్ మేనేజరు అని ఒక కుర్రాడు ఉన్నాడు, ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. చలాకీ మనిషి, గొంతు మంచిది, గోవింద నామాలు చెప్పించాడు, రాత్రి భజన బాగా నడిపించాడు. తెల్లవారుజామున రాష్ట్రం సరిహద్దు దాటగానే మైకు అందుకుని, "అమ్మా, అయ్యా, ఇక్కడి నుంచి వాళ్ళ రాష్ట్రం. జాగ్రత్తగా ఉండండి. మన రాముణ్ణి వాళ్ళు లాక్కున్నారు, ఇప్పుడు మన దేవుణ్ణి చూడ్డానికి మనం పన్ను కట్టాల్సి వస్తోంది" అని మొదలెట్టాడు. కొందరు నవ్వారు, కొందరు జై శ్రీరామ్ అన్నారు. తాడేపల్లిగూడెంలో ఎక్కిన పెద్దాయన ఒకరు అందుకుని, 2014లో మనకి జరిగిన అన్యాయం అంటూ రాజధాని దగ్గర నుంచి కరెంటు దాకా మొత్తం ఏకరువు పెట్టారు. నిద్రలో ఉన్నవాళ్ళు కూడా లేచి వాదనలోకి దిగారు. పావుగంటలో అది యాత్ర బస్సు కాకుండా ఎన్నికల సభ అయిపోయింది.

మా వెనక సీట్లో ఒక అమ్మాయి ఉంది. పుట్టిల్లు కొత్తగూడెం, మెట్టినిల్లు మా పక్క ఊరు. అత్తగారితో కలిసి మొక్కు తీర్చుకోవడానికి వచ్చింది. ఆ అమ్మాయి కాసేపు కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. తరువాత చాలా మర్యాదగా, "అన్నా, మా వాళ్ళు తిరుపతి వచ్చినప్పుడు అక్కడ బస్సులో ఎవరైనా ఇట్లా మాట్లాడితే మీకు బాగుంటదా?" అని అడిగింది. మేనేజరు, "మిమ్మల్ని అనలేదమ్మా, గవర్నమెంటుని అన్నాను" అన్నాడు. గవర్నమెంటుని అనాలంటే 'వాళ్ళు' అనక్కర్లేదు కదా. నలభై మంది ముందు అన్నమాట ఆ అమ్మాయికి తగిలింది. ఆమె అత్తగారు కూడా చిన్నబుచ్చుకున్నారు. మొక్కుకి వచ్చిన మనిషి భద్రాచలం చేరేలోపే మనసు కష్టపెట్టుకోవడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంది.

నిజానికి ఆ అమ్మాయి అడిగిన ప్రశ్నలో కొత్తేమీ లేదు. తిరుమలలో తెలంగాణ ఎమ్మెల్యేల సిఫార్సు లేఖలు తీసుకోవడం లేదని తెలంగాణవాళ్ళు చాలాకాలం గట్టిగా అడిగారు. వాటిని అనుమతించడానికి 2024 డిసెంబరు ఆఖర్లో గానీ ఆంధ్ర ముఖ్యమంత్రి ఒప్పుకోలేదు. అంటే దేవుడి దగ్గర సరిహద్దు నొప్పి వాళ్ళకీ ఉంది. మనకే అనుకుని మాట్లాడితే ఎలా?

పోనీ అతను చెప్పింది నిజమైనా ఒక లెక్క. భద్రాచలం ఎవరు ఎవరి దగ్గర లాక్కున్నారో చూద్దాం. మొదట ఆ గుడి ఎవరి చేతుల మీదుగా వచ్చింది? కంచర్ల గోపన్న, అంటే మన రామదాసు, పుట్టింది ఖమ్మం వైపు నేలకొండపల్లి. గోల్కొండ నవాబు తానీషా కొలువులో పాల్వంచ తహసీల్దారు. వసూలైన శిస్తు సొమ్ముతో గుడి కట్టించి గోల్కొండ కోటలో పన్నెండేళ్ళు చెరసాల అనుభవించాడని కథ. ఆ తానీషాయే తరువాత సీతారామ కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం పెట్టాడని చెప్తారు, ఇవాళ్టికీ ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలతో పాటు ముత్యాల తలంబ్రాలు వెళ్తాయి. ఒక ముస్లిం పాలకుడి పేరు మీద నడుస్తున్న సంప్రదాయం రామకల్యాణంలోనే ఉందన్న సంగతి మైకులో ఒక్క మాట చెప్పలేదు. రామదాసుని బాధపెట్టిన నవాబు అని మాత్రం చెప్పాడు, అక్కడితో ఆపేశాడు. సగం కథ చెప్పడం అసలు చెప్పకపోవడం కన్నా చెడ్డది.

తరువాతి సంగతి. 1959 దాకా భద్రాచలం తాలూకా మన తూర్పు గోదావరి జిల్లాలోనే ఉండేది. అప్పుడు దాన్ని ఖమ్మం జిల్లాలో కలిపారు. అప్పటికి అంతా ఒకే ఆంధ్రప్రదేశ్ కాబట్టి దాన్ని ఎవరూ లాక్కోవడం అనుకోలేదు. పెద్దమ్మ బస్సులో అదే చెప్పింది. వాళ్ళ నాన్న, అంటే మా తాతగారు, రాజమండ్రిలో లాంచీ ఎక్కి పాపికొండల మధ్య నుంచి భద్రాచలం వెళ్ళేవారట. అక్కడ గోదావరి మీద వంతెన 1965లో గానీ రాలేదు. "మాకు అది పరాయి ఊరు ఎప్పుడూ కాదు నాయనా, ఇప్పుడూ కాదు. నువ్వు రాముడి గురించి చెప్పు, మిగతాది వద్దు" అంది మేనేజరుతో. పెద్దావిడ కాబట్టి అతను సరే అమ్మగారూ అన్నాడు. పది నిమిషాలు ఆగాడు.

2014లో జరిగింది ఇంకా తెలుసుకోవాల్సిన విషయం. పోలవరం ముంపు ప్రాంతం ఒకే రాష్ట్రంలో ఉండాలని ఖమ్మం జిల్లాలోని ఏడు మండలాల్లో కొన్ని పూర్తిగా, కొన్ని పాక్షికంగా ఆంధ్రలో కలిపారు. చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం, భద్రాచలం రూరల్ తూర్పు గోదావరికి, కుక్కునూరు, వేలేరుపాడు, బూర్గంపాడులో కొన్ని ఊళ్ళు పశ్చిమ గోదావరికి వచ్చాయి. భద్రాచలం ఊరు మాత్రం గుడితో సహా తెలంగాణలో ఉండిపోయింది. అంటే ఊరు అటు, చుట్టూ ఉన్న పొలాలు, పల్లెలు ఇటు. రాముడి పేరు మీద పురుషోత్తపట్నంలో ఉన్న దాదాపు 890 ఎకరాలు ఇప్పుడు ఆంధ్రలో ఉన్నాయి. దేవుడు ఒక రాష్ట్రం, ఆయన మాన్యం ఇంకో రాష్ట్రం. ఆ భూమిలో ఆక్రమణలు ఆపడానికి వెళ్ళిన ఆలయ అధికారిణి మీద 2025 జులైలో దాడి జరిగింది. భద్రాచలం చెత్త పోయడానికి కూడా చోటు లేక ఇబ్బంది పడుతోంది, ఎందుకంటే ఊరు దాటితే వేరే రాష్ట్రం. ఏటపాక, గుండాల, పురుషోత్తపట్నం, కన్నాయిగూడెం, పిచ్చుకలపాడు, ఈ ఐదు పంచాయతీలు మాకు తిరిగి ఇచ్చేయండి అని 2022 వరదల తరువాత తెలంగాణ మంత్రులు గట్టిగా అడిగారు. ఇప్పుడు చెప్పండి, ఆ ఊరివాళ్ళు బస్సెక్కి మైకు పట్టుకుంటే మన గురించి ఏమంటారు?

నేను ఆంధ్రకి అన్యాయం జరగలేదని అనడం లేదు. మా ఇంట్లో కూడా రాష్ట్ర విభజన అంటే ఇంకా కోపం ఉన్నవాళ్ళు ఉన్నారు, ఆ కోపానికి కారణాలూ ఉన్నాయి. విభజన తరువాత మన ప్రభుత్వం 2015 నుంచి ఒంటిమిట్ట కోదండరాముడి కల్యాణాన్ని రాష్ట్ర ఉత్సవంగా చేస్తోంది, పున్నమి వెన్నెల్లో జరిగే ఆ కల్యాణం చూడాల్సిందే. ఒంటిమిట్ట ఉంది కదా అని భద్రాచలం మనసులోంచి పోదు. భద్రాచలం వెళ్ళాం కదా అని ఒంటిమిట్ట తక్కువా కాదు. దీన్ని పోటీ చేయాల్సిన అవసరం యాత్రికుడికి లేదు.

ఇక పన్ను, పర్మిట్ సంగతి. ఇదే అసలు మోసం, అందుకే వివరంగా రాస్తున్నాను. సరిహద్దు దాటిన కాసేపటికి రవాణా శాఖ వాళ్ళు రోడ్డు మీద బండి ఆపారు. గంటన్నర నిలబడిపోయాం. మేనేజరు మళ్ళీ మైకు: "చూశారా, ఆంధ్రా నంబరు ప్లేటు చూసి ఆపేశారు, మనల్ని వేధించడానికే ఇదంతా." బస్సులో సగం మంది నమ్మేశారు. పెద్దాయన ఊగిపోయారు. నేను కిందకి దిగి డ్రైవర్ గారి దగ్గరికి వెళ్ళి, ఏమైందండీ అని అడిగాను. ఆయన అబద్ధం చెప్పలేదు. ఈ ట్రిప్పుకి తీయాల్సిన టెంపరరీ పర్మిట్ ఆఫీసులో తీయలేదట, వేరే ట్రిప్పుది పెట్టి పంపేశారట. ఆయన బయల్దేరే ముందు అడిగితే, పర్లేదు వెళ్ళిపో, ఎవరూ ఆపరు అన్నారట. అక్కడే డబ్బు కట్టి కొత్తది తీసుకున్నాక వదిలేశారు. ఆపినాయన ఆడవాళ్ళు, పెద్దవాళ్ళు ఉన్నారని పక్కన హోటల్లో కూర్చోమని కూడా చెప్పారు. మా వెనకే గుంటూరు వైపు యాత్ర బస్సు ఒకటి వచ్చింది, కాగితాలు చూసి రెండు నిమిషాల్లో పంపించేశారు. అదీ ఆంధ్రా నంబరే.

అంటే తప్పు ట్రావెల్స్ ఆఫీసుది. దాన్ని కప్పిపుచ్చుకోవడానికి ప్రాంతం గొడవ వాడుకున్నారు. నాకు కోపం వచ్చింది ఇక్కడే. రాష్ట్రం విడిపోయాక ఒకరి బళ్ళ మీద ఒకరు పన్ను వేసుకోవడం జరిగింది, దాని మీద యజమానులకి కష్టం ఉంటే అది వేరే చర్చ. ఇప్పుడు ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ అనేది ఒకటుంది, ఒకేసారి ఫీజు కడితే ప్రతి రాష్ట్రంలో విడివిడిగా కట్టక్కర్లేదు. అది తీసుకోరు, టెంపరరీ కూడా సరిగ్గా తీయరు, పట్టుబడితే మాత్రం "తెలంగాణోళ్ళు" అంటారు. ఆ మాట విన్న నలభై మంది ఇళ్ళకి వెళ్ళి ఇంకో నలభై మందికి చెప్తారు, భద్రాచలం దారిలో ఆంధ్రావాళ్ళని ఆపేస్తున్నారంట అని. అలా ఒక గుమాస్తా బద్ధకం రెండు రాష్ట్రాల తగాదా అయి కూర్చుంటుంది.

ఆ గంటన్నర వల్ల పర్ణశాల దెబ్బతింది. దర్శనం, భోజనాలు అయి బయల్దేరేసరికి సాయంత్రం అయిపోయింది, పర్ణశాల చేరేసరికి చీకటి పడింది. సీత వాగు దగ్గర రాళ్ళ మీద సీతమ్మ నారచీరల గుర్తులు అని చూపిస్తారు, ఫోను లైట్లు వేసుకుని చూశాం. అమ్మ ఎన్నాళ్ళ నుంచో చూడాలనుకున్న చోటు అది. దీనికి డబ్బు వెనక్కి ఇవ్వమని నేను అడగలేదు, కనీసం పొరపాటు మాదే అని మైకులో చెప్పమన్నాను. చెప్పలేదు.

పర్ణశాల నుంచి వచ్చాక పెద్దమ్మకి మందులు కావాలంటే ఆటోలో వెళ్ళాం. ఆటో ఆయన మాట వింటే మన గోదావరి యాస, మధ్యలో ఖమ్మం మాటలు. ఆయన చెల్లెల్ని కూనవరం ఇచ్చారట. ఇప్పుడు ఆయనది ఒక రాష్ట్రం, చెల్లెలిది ఇంకో రాష్ట్రం. ఆ చెల్లెలి ఊరు పోలవరం ముంపులో పోతుంది. పరిహారం ఎప్పుడొస్తుందో, కాలనీ ఎక్కడిస్తారో తెలియదు. "మీకు నీళ్ళు రావాల్నండీ, కాదనం. మా వాళ్ళ సంగతి కూడా ఎవరైనా అడగాలి గదా" అన్నాడు. నేను ఏమీ అనలేకపోయాను. పోలవరం కింద నిర్వాసితులయ్యే కుటుంబాలు లక్ష దాకా ఉంటాయి, అందులో కోయలు, కొండరెడ్లు ఎంతోమంది. ఆ నీళ్ళతో స్థిరపడబోయే ఆయకట్టులో మా పొలమూ ఉంది.

మరుసటి రోజు పొద్దున్నే ఏటపాక. జటాయువు రావణుడితో పోరాడిన చోటని చెప్తారు. ఇది ఆంధ్ర. గుండాలలో గోదావరి ఒడ్డున ఇసుక తవ్వితే వేడినీళ్ళు ఊరతాయి, అదీ ఆంధ్రే. ముందురోజు చూసిన గుడి, పర్ణశాల తెలంగాణ. ఒక్క రామాయణ కథలో నాలుగు చోట్లు చూడ్డానికి సరిహద్దు అటూ ఇటూ దాటుతూనే ఉన్నాం, ఎక్కడా భూమి రంగు మారలేదు. కూనవరంలో శబరి వచ్చి గోదావరిలో కలుస్తుంది, ఆ సంగమం దగ్గర ఆపి కాసేపు కూర్చోనిచ్చారు. తరువాత శ్రీరామగిరి. కొండ ఎక్కలేక పెద్దమ్మ కిందే ఉండిపోయింది. ఎక్కినవాళ్ళకి గోదావరి మలుపు చాలా బాగా కనిపిస్తుంది. దారి పొడుగునా ఇళ్ళ గోడల మీద 2022 వరద గుర్తులు ఇంకా ఉన్నాయి.

ఆ ఏడాది జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులు వచ్చింది. 1986లో 75.6 వచ్చాక మళ్ళీ అంత పెద్ద వరద అదే. మా డెల్టాలో పుట్టినవాళ్ళకి భద్రాచలం అంటే రాముడు ఎంతో, ఆ నీటిమట్టం కూడా అంతే. 43 అంటే మొదటి హెచ్చరిక, 48 రెండోది, 53 మూడోది. అక్కడ 53 దాటిందంటే ఇక్కడ లంకల్లో గొడ్లని గట్టు ఎక్కించాలి, బియ్యం బస్తాలు అటక మీదకి చేర్చాలి. 2022లో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు మా చుట్టాల ఊళ్ళు ఎన్నో రోజులు నీళ్ళలో ఉన్నాయి. భద్రాచలంలో మునిగిన వీధి, రాజోలు వైపు మునిగిన లంక ఒకే నీళ్ళలో మునిగాయి. అక్కడివాళ్ళు ముందుగా చెప్పబట్టే ఇక్కడ ప్రాణాలు నిలబడతాయి. ఇలాంటి బంధం ఉన్న ఊరి గురించి మైకులో 'వాళ్ళు' అని మాట్లాడడానికి నోరెలా వస్తుంది?

మాటలే కదా, వదిలేయొచ్చు కదా అని నాతో వచ్చినవాళ్ళలో ఒకరు అన్నారు. కోనసీమలో ఉండేవాళ్ళు ఆ మాట అనకూడదు. 2022 మే 24న అమలాపురంలో ఏం జరిగిందో మనం కళ్ళారా చూశాం. జిల్లాకి అంబేడ్కర్ పేరు పెట్టడం మీద మొదలైన గొడవ మంత్రి ఇల్లు, ఎమ్మెల్యే ఇల్లు తగలబెట్టేదాకా వెళ్ళింది. తరువాత రోజుల తరబడి ఇంటర్నెట్ లేదు, కలిసి చదువుకున్న పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకోలేకపోయారు. అంతకు ముందు చాలాకాలం ఫోన్లలో, టీ కొట్ల దగ్గర, బస్సుల్లో ఇలాంటి 'మనం, వాళ్ళు' మాటలే తిరిగాయి. మైకు పట్టుకున్నవాడికి బాధ్యత ఉంటుంది, అతను గుడికి తీసుకెళ్ళేవాడైతే ఇంకా ఎక్కువ ఉంటుంది.

మారేడుమిల్లి ఘాట్ పగలే దాటించారు, అది చాలా మంచి పని. ఆ మలుపుల్లో రాత్రిపూట బస్సు నడిపేవాళ్ళ బండి ఎక్కకండి, ఎంత తక్కువ ధర చెప్పినా సరే. రంపచోడవరం, గోకవరం మీదుగా కోరుకొండ వచ్చాం. నాకు ఇక్కడ మైకు ఉంటే బాగుండు అనిపించింది, కానీ అప్పటికి మేనేజరు ముందు సీట్లో నిద్రపోతున్నాడు. ఈ కోరుకొండ నుంచే భద్రాచలం కల్యాణానికి కోటి తలంబ్రాలు వెళ్తాయి. అందుకోసం ప్రత్యేకంగా వరి పండిస్తారు, హనుమంతుడి వేషాలు, సుగ్రీవుడి వేషాలు వేసుకుని పంట కోస్తారు, ఆ వడ్లని ఊరూరా భక్తులకి పంచి గోటితో ఒలిపిస్తారు. రోకలి తగలకూడదు, మిల్లుకి వెళ్ళకూడదు. మా అమ్మ కూడా ఒలుస్తుంది. సాయంత్రం పూట గుమ్మంలో కూర్చుని రామనామం చెప్పుకుంటూ ఒక్కో గింజ. ఆ బియ్యం భద్రాచలమూ వెళ్తాయి, ఒంటిమిట్టా వెళ్తాయి. రాష్ట్రం విడిపోయిన తరువాత కూడా ఒక్క ఏడాదీ ఎవరూ మీ బియ్యం మాకొద్దు అనలేదు. ఈ సంగతి అమ్మే లేచి బస్సులో అందరికీ చెప్పింది, మైకు లేకుండానే. కొత్తగూడెం అమ్మాయి వచ్చి అమ్మ పక్కన కూర్చుని, వడ్లు ఎక్కడ ఇస్తారు, ఎప్పుడు ఇస్తారు అని అడిగి రాసుకుంది. తాడేపల్లిగూడెం పెద్దాయన కూడా తన ఊరికి కొంచెం పంపించమన్నారు. అంత దూరం ప్రయాణంలో బస్సు మొత్తం ఒక్క మాట మీద ఉన్నది అప్పుడే.

ఇంటికి వచ్చాక ట్రావెల్స్ యజమానికి ఫోన్ చేసి ఇవన్నీ చెప్పాను. ఆయన కోప్పడలేదు. పర్మిట్ విషయం ఒప్పుకున్నారు, ఆఫీసులో మాట్లాడతానన్నారు. మైకు గురించి మాత్రం, "కుర్రాడు అండీ, జనం ఎంజాయ్ చేస్తారని అలా మాట్లాడతాడు, చాలామంది మెచ్చుకుంటారు కూడా" అన్నారు. ఆ బస్సులో మెచ్చుకోనివాళ్ళు కూడా డబ్బు కట్టే కూర్చున్నారని చెప్పాను. చూస్తానన్నారు.

కాబట్టి వంటకి అయిదు, డ్రైవర్ గారికి, క్లీనర్ బాబుకి అయిదు, రూముకి మూడున్నర, ఆఫీసు పనికి ఒకటి, మైకుకి సున్నా. పెద్దవాళ్ళని తీసుకెళ్ళాలంటే ఈ తిండి, ఈ డ్రైవింగ్ ఇంకో చోట దొరకడం కష్టం, అందుకని వద్దనలేను. అడ్వాన్సు కట్టే ముందు మాత్రం మూడు విషయాలు అడగండి. ఆలిండియా పర్మిట్ ఉందా, లేకపోతే ఆ తేదీలకి తీసిన టెంపరరీ పర్మిట్ కాపీ వాట్సాప్‌లో పంపమనండి, పంపకపోతే కట్టకండి. ఘాట్ ఏ టైముకి దాటిస్తారో అడగండి. పర్ణశాలకి వెలుతురు ఉండగానే చేరుస్తామని ముందే మాట తీసుకోండి. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి, అప్పుడు ఇలాంటి బస్సులు వందలకొద్దీ అటూ ఇటూ తిరుగుతాయి, కాగితాలు సరిగ్గా లేని బళ్ళూ చాలా దిగుతాయి. మీ బస్సులో మైకు దారి తప్పితే ఊరుకోకండి, లేచి ఆపమని చెప్పండి. మా పెద్దమ్మ చెప్తే ఆగింది, పది నిమిషాలైనా.